అరువు బెల్లం

మనిషి ఏ రోజున పోయినట్టు? ఊపిరి ఆగిన రోజునా, ఆగిందని ఇంట్లోవాళ్లు ఒప్పుకున్న రోజునా?

కోదండరాం ఈ సందేహాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాడు. అతను పండితుడు కాడు. చెన్నపట్నం కొత్వాల్ చావడిలో తాతలనాటి చింతపండు మండీ నడుపుకుంటూ, తెల్లవారి స్నానం చేసి, దేవుడి ముందు నాలుగు నామాలు చెప్పుకుని అంగడికి పోయే సంసారి. చదువు థర్డు ఫారం దాటలేదు. అలాంటివాడికి ఇంత సందేహం ఎందుకంటే, అది పుస్తకంలో ఎదురైంది కాదు. ఏటేటా భాద్రపదంలో, మహాలయ అమావాస్య నాడు, సముద్రం ఒడ్డున ఎదురయ్యేది.

ఆ పొద్దున వీధి వీధంతా నువ్వులూ దర్భలూ పట్టుకుని సముద్రానికి పోయేది. ఎవరి పెద్దలకు వాళ్లు నీళ్లు వదిలేవాళ్లు. కోదండరాం కూడా పోయేవాడు. మోకాటి లోతు నీళ్లలో కాసేపు నిలబడి, ఒట్టి చేతులతో తిరిగి వచ్చేవాడు. తండ్రి ఉన్నవాడు తర్పణం చేయరాదు. తండ్రి పోయినవాడు చేయకుండా ఉండరాదు. అతని తండ్రి దేవరాజులు శెట్టి ఏ వరుసలో ఉన్నాడో చెప్పేవాళ్లు లేరు. బతికి ఉంటే నీళ్లు వదలడం పాపం. పోయి ఉంటే వదలకపోవడం పాపం. పైగా దాహం నాయన ఒక్కడిదే కాదు. తాతకు, ముత్తాతకు నీళ్లు ఇవ్వవలసింది నాయన. ఆ ఒక్కడి జాడ తెలియకపోతే ఆపైన ఉన్నవాళ్లంతా గొంతు తడవక కూర్చుని ఉంటారు కదా అనుకుంటే, ఇంటికి వచ్చాక అన్నం సహించేది కాదు.

దేవరాజులు శెట్టి రంగూనుకు చింతపండూ ఎండుమిరపా పంపేవాడు. ఏడాది విడిచి ఏడాది తానే ఓడెక్కి పోయి, బాకీలు చూసుకుని, నాలుగు నెలలుండి వచ్చేవాడు. అలా పోయిన ఒక ఏడు రంగూను మీద బాంబులు పడ్డాయి. ఓడలు ఆగిపోయాయి. ఓడ దొరకని మనవాళ్లు వేలకు వేలు కాలినడకన అరకాను కొండలు దాటి చిట్టగాంగు దారి పట్టారు. ఆ గుంపుల్లో ఆయనా ఉన్నాడు. ముందుగా వచ్చి చేరినవాళ్లెవరో "శెట్టిగారు బయలుదేరినారు, మా వెనక గుంపులోనే ఉండారు" అని కబురు చెప్పారు.

అప్పటికి చెన్నపట్నం కూడా సగం ఖాళీ అయి ఉంది. ఈ ఊరి మీద కూడా బాంబులు వేస్తారని పుకారు పుట్టి, జనం దొరికిన బండెక్కి పల్లెలకు పోయారు. కొత్వాల్ చావడి మండీలన్నీ మూసేశారు. కోదండరాం భార్య కస్తూరిని కాళహస్తిలో పుట్టింటికి పంపాడు. తల్లి వాసవాంబ మాత్రం కదలలేదు. "ఆయన వచ్చేసరికి తలుపుకు తాళం ఉంటే ఎట్లారా?" అన్నది.

కబురు విన్న రోజే ఆమె పోళీలు చేయడానికి పప్పు నానబోసింది. ఆయనకు పోళీలంటే ప్రాణం. ఇంట్లో చూస్తే బెల్లం లేదు. మండీ ఇంటి ఇల్లాలు జన్మలో ఎవరినీ బెల్లం అరువు అడిగి ఉండదు. ఆ రోజు అడిగింది. వెనక వాటాలో అద్దెకున్న అలమేలు వాళ్లు ఊరు విడిచిపోలేదు. ఆమె భర్తకు హార్బరులో ఉద్యోగం, వదిలి పోవడానికి లేదు. అలమేలు చిన్న ఇత్తడి గిన్నె నిండా బెల్లం కొట్టి ఇచ్చింది. "ఆయన వచ్చినాక ఇస్తాలేవే" అన్నది వాసవాంబ.

పోళీలు అయ్యాయి. రెండు రోజులు ఉట్టి మీద ఉండి, ఎండి, ఆవుకు పోయాయి. గిన్నె మాత్రం వంటింటి అలమరలో ఉండిపోయింది.

అయిదు నెలలకు తిరువేంగడం అనే ఆయన ఎముకల గూడులా వచ్చాడు. నాయనతో కలిసి నడిచినవాడు. ఒక ఏటి గట్టున శెట్టిగారు కూర్చుండిపోయారనీ, "మీరు పదండప్పా, నేను వెనకాలే వస్తా" అన్నారనీ చెప్పాడు. ఆ తరువాత ఎవరూ ఏమీ చెప్పలేదు. యుద్ధం అయిపోయింది. స్వరాజ్యం వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి కర్నూలుకు పోయింది. నాయన వెనకాల రాలేదు.

వాసవాంబ బొట్టు తీయలేదు, మెట్టెలు తీయలేదు. రోజూ ఎసట్లో ఒక పిడికెడు బియ్యం ఎక్కువ వేయడం మానలేదు. ఆ అన్నం రాత్రికి నీళ్లలో వేస్తే, తెల్లవారి కస్తూరి తినేది. "మామగారి అన్నమంతా ఇన్నేండ్లుగా నేనే తింటా ఉండాను. ఆయన వచ్చి నన్ను చూస్తే, ఈ లావు మనిషి ఎవరు అంటాడు" అని నవ్వేది. అత్త కూడా నవ్వేది. ఆ ఇంట్లో నవ్వు లేకపోలేదు. అలసిపోయిన నవ్వు, అంతే.

అలమేలు బెల్లం సంగతీ అట్లాగే నవ్వులాటలోకి దిగింది. పండగ వస్తే చాలు, బావి దగ్గర నుంచి కేక వేసేది.

"ఏమక్కా, నా బెల్లం ఎప్పుడిస్తావు? వడ్డీకి వడ్డీ పెరిగి చెరకు తోట అయిపోయుంటుంది పో!"

"ఇస్తానే తల్లీ, ఆయన రానీ. వచ్చినాక గిన్నె నిండా ఇస్తా."

"సరి సరి. వచ్చినప్పుడు ఆయననే అడుగుతా, విడిచిపెడతానా?"

ఆ మాటల్లో ఇచ్చేది లేదు, పుచ్చుకునేది లేదు. అయినా ప్రతి పండక్కీ అవే మాటలు. 

జయ నామ సంవత్సరం వచ్చింది. ఎండలు తగ్గి, వాన రాక, ఉడికిపోతున్న శ్రావణంలో ఒక ఉదయం పురోహితుడు గోపాలస్వామి అయ్యవారు వచ్చి, కాఫీ తాగి, నెమ్మదిగా మాట కదిపాడు.

"పన్నెండేండ్లు నిండినాయి నాయనా. జాడ తెలియని మనిషికి శాస్త్రం పెట్టిన గడువు అది. దర్భలతో, మోదుగాకులతో మనిషి రూపం కట్టి, దహనం చేసి, కర్మ జరిపించాల. మహాలయానికి ముందే చేస్తే ఈ ఏడు నీవు నీళ్లు వదలొచ్చు."

"ఏ తిథికి తద్దినం పెట్టేది అయ్యవారూ?"

"చూసినవాళ్లు ఎవరన్నా తిథి చెప్తే ఆ తిథికి. లేకుంటే అమావాస్యకు. అమ్మగారితో నీవే మాట్లాడు. నా నోట రాదు." ఆయన ఉత్తరీయం దులుపుకుని లేచాడు.

కోదండరాం ఆ పూట మండీకి పోలేదు. తల్లి నడవాలో కూర్చుని బియ్యం ఏరుతూ ఉంది. దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, అయ్యవారు వచ్చింటే..."

"చూసినాను. కాఫీ ఇచ్చింది నేనే గదా."

"పన్నెండేండ్లు నిండినాయంట."

"ఎవరికి?"

ఆమె చేటలో రాయి ఒకటి తీసి పక్కన పెట్టింది.

"ఆయన పంచాంగానికి నిండినాయేమో. నాకు ఇంగా నిండలేదు."

"శాస్త్రం చెప్తా ఉంది గదమ్మా."

"శాస్త్రం ఈడ వచ్చి నీళ్లు పట్టిందా, ఎసరు పెట్టిందా? మధ్యాన్నం కునుకు తీస్తే తలుపు శబ్దానికి ఉలిక్కిపడి లేచిందా? నేను లేచినాను. ఎప్పుడు నిండేదీ నేను చెప్తా."

"తాతకు నీళ్లు లేవమ్మా. సముద్రం కాడ నిలబడి ఊరికే వచ్చేస్తా ఉండాను. నాకు యాభై దగ్గరికి వస్తా ఉండాది. నేనూ పోతే..."

"నోరు ముయ్యి!" అన్నది ఆమె. తరువాత చేట కింద పెట్టి, "ఎండగా ఉంది. మజ్జిగ తాగిపో" అన్నది.

అతను మజ్జిగ తాగాడు. తల్లి మీద కోపం రాలేదు. తల్లి మెడలో పసుపుతాడు ఉండగా తాను ఒక గడ్డిబొమ్మకు నిప్పు పెట్టలేడు. పెట్టకపోతే, ఈ అమావాస్యకు కూడా మళ్లీ ఒట్టి చేతులే. ఎటు తిరిగినా ఎవరో ఒకరి గొంతు ఎండక తప్పదు.

ఆ వారంలోనే ఇంటి పన్ను సంగతిగా కార్పొరేషను ఆఫీసుకు పోవలసి వచ్చింది. ఇల్లు నాయన పేరనే ఉంది. బాలకృష్ణన్ అనే గుమాస్తా కాగితాలు చూసి, తల ఎత్తకుండా అరవంలో హాస్యమాడాడు, "ఏం చెట్టియారే, మీవాళ్లంతా కర్నూలు పోయారు కదా, మీరింకా బండెక్కలేదా?" అని. తమ వాళ్లు చెన్నపట్నం వచ్చి ఎన్ని తరాలో కోదండరాంకే తెలియదు. కర్నూలు ఎట్లా ఉంటుందో అతను చూడలేదు. చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. తరువాత నాయన సంగతి చెప్పాడు.

"ఎప్పటినుంచి కనబడలేదు?"

"పన్నెండేండ్లు."

"దానికి ఇంత ఆలోచన ఎందుకు? ఏడేళ్లపాటు సొంతవాళ్లెవరికీ కబురు లేకపోతే చట్టానికి మనిషి పోయినట్టే. మీ తండ్రి మా లెక్కలో పోయి అయిదేళ్లయింది. ఒక అర్జీ పెట్టి పేరు మార్చుకోండి."

కోదండరాం బయటికి వచ్చి ఆఫీసు మెట్ల మీద కాసేపు కూర్చున్నాడు. అయిదేళ్ల కింద ఏదో ఒక పొద్దున, తాము ఇంట్లో ఇడ్లీ తింటూ ఉండగానో, మండీలో బస్తాలు దించుతూ ఉండగానో, సర్కారు నాయనను చంపేసిందన్నమాట. ఎవరూ ఏడవలేదు. ఎవరూ తలకు పోసుకోలేదు. అదే నాయన అయ్యవారి పంచాంగంలో మొన్న ఉగాది దాకా బతికే ఉన్నాడు. అమ్మకైతే ఈ పూట భోజనానికి వస్తున్నాడు. మనిషి ఒక్కడే, అతని మీద గడిచిన కాలం మాత్రం ఇంటికొక తీరుగా ఉంది.

మండీకి పోయేసరికి ఏళుమలై బండి వచ్చి ఉంది. ఏళుమలైది రాయపురం. పట్టణవర్ కులం, వల వేసే కుటుంబం. అన్నను సముద్రం తీసుకుపోయిన కొన్నాళ్లకు పడవ అమ్మేసి బండి లాగుతున్నాడు. కొత్వాల్ చావడిలో ఇరవై ఏళ్లు తిరిగి తెలుగు పట్టుకున్నాడు. యజమాని ముఖం చూసి బస్తా దించి పక్కన నిలబడ్డాడు.

"ఏం సెట్టియారే, సరుకు పుచ్చిపోయినట్టు ముగం?"

కోదండరాం చెప్పాడు. చెప్పేందుకు వాడు తప్ప ఇంకెవరూ దొరకలేదు. ఏళుమలై తలగుడ్డ విప్పి మెడ తుడుచుకున్నాడు.

"మా ఇంట్లో అయితే మూడు దినం సామీ. అన్న పోయినప్పుడు వదిన మూడు దినం ఒడ్డున దీపం పెట్టింది. మూడు దినం అమ్మ కడుపు నిండా ఏడిసింది. నాలుగో పొద్దు నేను వల ఎత్తినాను. ఎత్తకుంటే పిల్లలకు కంజి ఎవురు పోస్తారు?"

"అంతేనా? అన్న మళ్లీ తలపుకు రాడా?"

"వస్తాడు, పోతాడు, అల మాదిరి. వాడికి లెక్క ఏంది? సెట్టియారే, కోపం వద్దు, ఒకటి సెప్తా. మా సరుకు చేప. నిన్నటి చేప కంపు. రేపటి చేప నీళ్లల్లో ఉండాది, నాది కాదు. ఈ పూట చేపే చేప. మీ సరుకు చింతపండు. పాతబడితే దానికి ధర. ఉప్పు వేసి తొక్కి, కుండలో పెట్టి, మూత కడతారు. మనుషుల్ని కూడా అట్లే నిలవ పెడతారు మీరు."

కోదండరాంకు నవ్వు వచ్చింది. పన్నెండేళ్లలో నాయన గురించి ఎవరైనా మాట్లాడితే నవ్వు రావడం అదే మొదలు. నవ్వాక బస్తా మీద కూర్చుండిపోయాడు. ఏళుమలై చెప్పింది తప్పు కాదు. అయితే మూడు రోజుల దుఃఖం తమ ఇంటికి చాలదు. పన్నెండేళ్లూ చాలలేదు. ఏది చాలుతుందో దేవుడే చెప్పాలి.

ఆదివారం నాడు అతను తిరువేంగడాన్ని చూడడానికి తిరువొత్తియూరు పోయాడు. ముందు కోవెలకు పోయి అమ్మవారికి దండం పెట్టుకున్నాడు. ఏమి కోరాలో తెలియక, "నీకే తెలుసు తల్లీ" అని మాత్రం అన్నాడు. తరువాత రైలు పట్టాల పక్క వీధిలో ఇల్లు వెతుక్కున్నాడు. తిరువేంగడం ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్. నైట్ డ్యూటీ చేసి వచ్చి అరుగు మీద తువాలు పరుచుకుని ఒరిగి ఉన్నాడు. తల పండిపోయింది. కోదండరాంను చూసి లేచి కూర్చున్నాడు గాని, ముఖంలో మొదట వచ్చింది అలసట.

"దేవరాజులు శెట్టి కొడుకువు గదా. దా అబ్బాయా. మళ్లీ అదే అడగను వచ్చినావా?"

"అయ్యవారు తిథి కావాలన్నాడు. చూసినవాళ్లు చెప్తే మంచిదన్నాడు."

తిరువేంగడం తువాలు మడిచి భుజాన వేసుకున్నాడు. పట్టాల మీద గూడ్సు బండి పోయింది. పోయినాక అన్నాడు:

"ఆడ తిథి ఎవురు చూసినారప్పా? పొద్దు పొడిస్తే నడవడం, పొద్దు గుంకితే పడిపోవడం. వెనక్కి చూసినవాడు కూర్చుండిపోయినాడు. మూట విడిచినవాడు నడిచినాడు. నేను మూట విడిచినాను. వెనక్కి చూడలేదు. ఇప్పుడూ చూడను. నా పెండ్లాం కూడా ఆ ఊసు ఎత్తదు. మనవడికి ఫ్యాక్టరీలో పని దొరుకుతుందా అనేదే నా ఆలోచన."

"నాయన పోవడం నీవు చూడలేదు."

"చూడలేదు. అయితే..." అతను కోదండరాం ముఖంలోకి చూశాడు. "చూసినానని చెప్పమంటావా? చెప్పేస్తా. పున్నమి అంటా, దశమి అంటా, నీకు ఏది అనుకూలమైతే అది. మీ అమ్మకూ నీకూ ఒక దారి చూపినట్టు అయితుంది. నాకేం పోయింది?"

కోదండరాంకు ఒక్క క్షణం ప్రాణం లాగింది. ఒక్క మాట. ఆ మాట పట్టుకుపోతే అయ్యవారు ఒప్పుకుంటాడు, అమ్మ కూడా చూసినవాడి మాట కాదనలేదు. అమావాస్యకు చేతిలో నువ్వులు ఉంటాయి.

"వద్దులే అన్నా," అన్నాడు. "అబద్ధపు తిథికి ఆకు వేస్తే నాయనకు ఎట్లా తెలుస్తుంది? ఏటేటా ఆయన ఒక రోజు వస్తాడు, మేము ఇంకో రోజు వండుకోని కూర్చుంటాం."

తిరువేంగడం తల ఊపాడు. ఇక అడగవలసింది ఏమీ మిగలలేదు. ఇన్నేళ్లుగా ఈ మనిషిని అందరూ అడిగింది ఒకటే: బతికినాడా, పోయినాడా? ఊరికే లేచి రాలేక కోదండరాం మరో మాట అడిగాడు.

"నాయన ఆడ ఎట్లా కూర్చున్నాడు?"

"ఎట్లా అంటే?"

"ఆనుకోని కూర్చున్నాడా? పడుకున్నాడా? ఊరికే అడుగుతా ఉండాను."

తిరువేంగడం కళ్లు మూసుకున్నాడు. వెనక్కి చూడనన్నవాడు చూడక తప్పలేదు.

"పడుకోలేదు. అది ఉండాది నా కంట్లో. జ్వరం ఒళ్లు కాలిపోతా ఉంది. పడుకో శెట్టీ, కాసేపు ఒరుగు అని నేనే చెప్పినాను. వినలేదు. మోకాళ్లు కట్టుకోని నిటారుగా కూర్చున్నాడు. 'ఒరిగితే నిద్ర పడుతుందప్పా. నిద్ర పడితే వెనకబడిపోతా. ఆడ ఇంట్లో ఆమె నిద్రపోకుండా కాచుకోని ఉంటుంది' అన్నాడు. మేము వంపు తిరిగినప్పుడు కూడా అట్లే కూర్చోని ఉన్నాడు."

"ఈ మాట మాకు ఎప్పుడూ చెప్పలేదే?"

"ఎవురు అడిగినారు?"

ఇల్లు చేరేసరికి దీపాల వేళ అయింది. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. వాసవాంబ దేవుడి ముందు దీపం పెట్టి, దండం పెట్టుకుని, తిరిగి చూసింది.

"యాడికి పోయినావో నాకు తెలుసు. ఏమన్నాడు?"

కోదండరాం దాచలేదు. తిథి తెలియదన్నాడనీ, కావాలంటే చెప్తానన్నాడనీ, తాను వద్దన్నాననీ చెప్పాడు. ఆమె "మంచి పని చేసినావు" అన్నది. తరువాత అతను నాయన కూర్చున్న సంగతి చెప్పాడు. ఒక్క మాట వదలకుండా, తిరువేంగడం చెప్పినట్టే చెప్పాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. గోడకు ఆనుకుని మెల్లగా కిందికి కూర్చుంది.

"పడుకోలేదా?" అన్నది.

"లేదంటమ్మా."

"ఒళ్లు అట్లా కాలుతా ఉన్నా?"

"ఊఁ."

కస్తూరి వంటింటి గడపలో నిలబడి వింటూ ఉంది. లోపల ఎసరు కాగుతూ ఉంది. కాసేపటికి వాసవాంబ గొంతు వినిపించింది. కొడుకుతో అన్నదో, దేవుడితో అన్నదో.

"నేను ఈడ తలుపు తీసుకోని కూర్చున్నాను. ఆయన ఆడ కూర్చున్నాడు, నేను కాచుకోని ఉంటానని. నేను ఎదురు చూసినన్నాళ్లు ఆయన అట్లే కూర్చోని ఉంటాడేమిరా? ఒరగకుండా, నడుం వాల్చకుండా, ఇన్నేండ్లు..."

దానికి శాస్త్రంలో జవాబు ఉందో లేదో కోదండరాంకు తెలియదు. ఉన్నా ఆ జవాబు తనకు అక్కరలేదు.

"నాకే నడుం నొప్పులు," అన్నది ఆమె. "ఆయనకు ఎంత ఉంటుంది."

ఆ రాత్రి కస్తూరి ఎసట్లో బియ్యం పోయబోతూ, ఎక్కువ పిడికిలి పట్టుకుని ఆగింది. అత్త వైపు చూసింది. వాసవాంబ చాలాసేపు ఆ పిడికిలిని చూసి, "ఈ పూటకు వెయ్యి" అన్నది.

తెల్లవారి కోదండరాం మండీకి బయలుదేరుతుంటే తల్లి పిలిచింది.

"కోదండా, అలమేలు ఈ మధ్య నన్ను బెల్లం అడగడం లేదు. కనిపెట్టినావా?"

అతను తలచుకుని చూశాడు. నిజమే. ఉగాదికి అడగలేదు. వరలక్ష్మీ వ్రతం నాడు తాంబూలానికి వచ్చింది, అడగలేదు. కృష్ణాష్టమికీ అడగలేదు. పన్నెండేళ్ల గడువు నిండిందన్న లెక్క అలమేలు కూడా వేసుకుంది కాబోలు.

"మరచిపోయి ఉంటుందిలే అమ్మా."

"అది మరచేదా? నేను ఆయన రానీ అంటానని భయం దానికి. ఆ మాట నా నోట వినలేక మానేసింది." ఆమె కొంగు దోపుకుంది. "మంచి బెల్లం పంపు. కొత్తది, రంగు వెయ్యనిది. గిన్నె నిండా కావాల."

బెల్లం ఏళుమలై చేత పంపడానికి కోదండరాంకు మనసు రాలేదు. పక్క మండీలో మేలైన అచ్చు ఏరుకుని తానే తెచ్చాడు. వాసవాంబ అలమరలో నుంచి గిన్నె దించింది. నెలకొకసారి చింతపండు పెట్టి తోమి తోమి దాని అంచు పలచబడిపోయింది. బోర్లించడమే తప్ప అందులో ఏనాడూ ఏదీ పోయలేదు. బెల్లం కొట్టి నిండా పోసి, కుదించి, పైన మళ్లీ పోసింది.

వెనక వాటాకు నడవా దాటి, బావి పక్కగా పోవాలి. ఆమె నెమ్మదిగా నడిచింది. వెంట రావద్దని చెప్పలేదు కాబట్టి కోదండరాం బావి దాకా వెళ్లి నిలబడ్డాడు. అలమేలు గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తూ ఉంది. గిన్నెను చూడగానే గుర్తుపట్టింది. చేతిలోని రెమ్మ జారిపోయింది.

"ఏందక్కా ఇది?"

"నీ బెల్లం."

"నేను అడిగినానా ఇప్పుడు?"

"అడగడం మానేసినావు గదా. అందుకే తెచ్చినా."

అలమేలు లేచి నిలబడింది. చేతులు చాచలేదు. "వద్దక్కా. ఉండనీ. శెట్టిగారు వచ్చినాకనే ఇద్దువులే, ఏం తొందర? నేను అడుగుతా ఉంటా, నీవు చెప్తా ఉండు. పండగ పండక్కి అడుగుతా. అయ్యో, నేను ఎందుకు ఊరుకున్నానో..."

"అడగవద్దులే." వాసవాంబ గిన్నె ముందుకు చాపింది. రాత్రంతా ఒక పక్కకే పడుకుని లేచినదానిలా ఉంది. "చాలా దూరం నడిచినాడే ఆయన. జ్వరంతో కూర్చున్నాడంట. పడుకోనీ."

అలమేలు పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"బొట్టు సంగతి?" అని ఎప్పటికో అడిగింది, గొంతు తగ్గించి.

"అది నాకూ ఆయనకూ మధ్య. తరువాత చూసుకుంటా. ముందు వీడి తాతకు నీళ్లు కావాల." బావి దగ్గర నిలబడిన కొడుకు వైపు తిరిగింది. "ఏమిరా, గుడ్లప్పగించి చూస్తా ఉండావు? పోయి అయ్యవారికి చెప్పు. మోదుగాకులు ఈ దినాల్లో యాడ దొరుకుతాయో కనుక్కో."

కోదండరాం తల ఊపాడు గాని అక్కడే నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా కోరుకున్న మాట అది. వచ్చినాక సంతోషం కలగలేదు. బరువు దించుకున్న కూలివాడికి భుజం ముందు నొప్పి పెడుతుంది. తేలిక తరువాత తెలుస్తుంది. ఈశ్వరా, అనుకున్నాడు. మనిషి ఏ రోజున పోయినట్టో అతనికి ఇప్పటికీ తెలియదు. తన ఇంట్లో మాత్రం ఈ రోజున, ఈ బావి దగ్గర.

"పట్టుకోవే. చెయ్యి లాగుతా ఉంది," అన్నది వాసవాంబ.

అలమేలు చేతులు పైటకు తుడుచుకుంది. రెండు చేతులతో గిన్నె అందుకుని కళ్లకద్దుకుంది. అలవాటు మాట, ఎవరు ఏ అప్పు తీర్చినా ఆ వీధిలో అనే మాటే అన్నది.

"ముట్టిందక్కా."